దేవరకొండ కొడితే దేవరకద్ర: లేటుగా వచ్చే జవాబులతో స్క్రీన్‌ను ఎలా నడపాలి

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లుకు లారీలు, బస్తాలు రాసుకునే చిన్న వెబ్ పేజీ చేసిచ్చాను. గేటు దగ్గర కూర్చున్న ఆపరేటర్ ఊరి పేరు కొడతాడు. కింద లిస్టు వస్తుంది. ఎంటర్ నొక్కితే లిస్టులో మొదటి ఊరు ఎంపికవుతుంది. బస్తాలు వేసి సేవ్ చేస్తాడు. అంతే పని. నా లాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా తడబడలేదు. సీజన్ మొదలైన మూడో రోజు ఫోన్ వచ్చింది. "అన్నా, దేవరకొండ బండి దేవరకద్ర కింద పడ్డది. నేనైతే దేవరకొండనే కొట్టిన." ముందు ఆ పిల్లగాడినే అనుమానించాను. తప్పు నాది.

ఒకటి నల్లగొండ జిల్లా, ఇంకొకటి పాలమూరు. పేర్లు మాత్రం కవలలు. దేవరకొండ కొట్టాలంటే ఎనిమిది కీలు: ద, ఏత్వం, వ, ర, క, ఒత్వం, సున్నా, డ. దేవరకద్రకూ ఎనిమిదే. మొదటి ఐదూ రెండింటికీ ఒకటే. నా పేజీ ప్రతి కీకీ సర్వర్‌ను అడిగేది. 'దేవరక' అని అడిగిన ప్రశ్న ఒకటి, 'దేవరకొండ' అని అడిగిన ప్రశ్న ఇంకొకటి, రెండూ ఒకేసారి దారిలో ఉన్నాయి. రెండో జవాబు ముందు వచ్చింది, స్క్రీన్ మీద దేవరకొండ ఒక్కటే కనపడింది. పిల్లగాడు ఎంటర్ వైపు వేలు పెట్టేలోపు మొదటి ప్రశ్నకు జవాబు తాపీగా వచ్చి లిస్టును తుడిచి తనది రాసేసింది. అందులో రెండు ఊళ్లు. అక్షరక్రమంలో దేవరకద్రే ముందు. ఎంటర్ దాని మీద పడింది.

ఇలాంటివి మీ పేజీలో రాకుండా ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణలు రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో ఉంటాయి, నేను రోజూ వాడేది అదే. అలాంటివే అయిన వ్యూ, స్వెల్ట్ వాడేవాళ్లకు తేడా ఉన్నచోట ఆగి చెబుతాను.

ముందు నెట్‌ను చెడగొట్టండి

కోడ్ ముట్టుకోకముందే క్రోమ్‌లో డెవ్‌టూల్స్ (డెవలపర్ల పనిముట్ల పెట్టె) తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో వేగాన్ని 3జీకి దించండి. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూను నాలుగు రెట్లు నెమ్మది చేయండి. హైదరాబాద్‌లో ఫైబర్ నెట్ మీద కూర్చుంటే జవాబులు అడిగిన వరసలోనే వస్తాయి. సాగర్ రోడ్డు మీద, ఒక గీత సిగ్నల్‌తో, రెండేళ్ల కిందటి ఫోన్‌లో అలా రావు. పేజీ రాసినన్ని రోజులూ ఈ సెట్టింగులు అలాగే ఉంచండి. చిరాకు పుడుతుంది. పుట్టాలి.

ఏది స్టేట్, ఏది కాదు

స్టేట్ అంటే పేజీ గుర్తుపెట్టుకోవాల్సిన, మారే విలువ. కాగితం తీసుకుని పేజీలో మారేవన్నీ రాయండి. మా మిల్లు పేజీకి నేను మొదట రాసుకున్నవి పదకొండు. వాటిలో సగం కొట్టేయాల్సినవే. మొత్తం బస్తాలు స్టేట్ కాదు, లారీల లిస్టు ఉంటే కూడితే వస్తుంది. 'లిస్టు ఖాళీగా ఉందా' అన్నదీ స్టేట్ కాదు. లెక్కవేస్తే వచ్చేదాన్ని విడిగా దాచితే, ఏదో ఒకరోజు లెక్క ఒకటి చెబుతుంది, దాచింది ఇంకొకటి చెబుతుంది.

మిగిలినవాటిని రెండు కుప్పలు చేయండి. పెట్టెలో కొట్టిన అక్షరాలు, తెరిచిన ట్యాబ్ లాంటివి మీ పేజీ సొంతం. ఊళ్ల లిస్టు, లారీల లిస్టు సర్వర్ సొంతం, మీ దగ్గర ఉన్నది దాని నకలు. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి పెద్ద స్టోర్ కట్టడం ఒకప్పుడు ఫ్యాషన్. అలాంటి స్టోర్ కట్టే రెడక్స్ లైబ్రరీ 2015లో వచ్చాక మేమందరం చిన్న పేజీలకు కూడా అదే చేశాం. ఈ పేజీకి అవసరం లేదు. సొంత స్టేట్‌ను దాన్ని వాడే కాంపొనెంట్‌లోనే (పేజీలో ఆ ముక్కను గీసే ఫంక్షన్) ఉంచండి, నకలును సర్వర్ డేటా తెచ్చి దాచే టాన్‌స్టాక్ క్వెరీ లాంటి లైబ్రరీకి అప్పగించండి.

ఇంకొక సంగతి. లోడింగ్, ఎర్రర్, డేటా అని మూడు వేరువేరు వేరియబుళ్లు పెట్టకండి. లోడింగూ నిజమే, ఎర్రరూ నిజమే అనే అర్థంలేని స్థితి పుడుతుంది, ఎర్రర్ బోర్డు పక్కన చక్రం తిరుగుతూ ఉంటుంది. ఒకే వేరియబుల్ పెట్టి దానికి నాలుగు విలువలు ఇవ్వండి: అడగలేదు, వస్తోంది, వచ్చింది, పోయింది. సర్వర్‌ను అడిగే ఫెచ్ ఫంక్షన్ వాడేటప్పుడు ఒక చిన్న గుంట ఉంది, చూసి నడవండి: సర్వర్ 404 (దొరకలేదు) అన్నా 500 (నాలో లోపం) అన్నా ఫెచ్ దాన్ని ఎర్రర్‌గా విసరదు. రెస్పాన్స్‌లో ఓకే అనే గుణాన్ని మీరే చూసి 'పోయింది' అని రాసుకోవాలి.

చేతిలో ఉన్నది చీటీ, పుస్తకం కాదు

మార్కెట్ యార్డులో సరుకు అమ్మిన రైతుకు తక్‌పట్టీ ఇస్తారు. దాని మీద అంకెలు రాసిన క్షణం నాటివి. తర్వాత అడ్తిదారు పుస్తకంలో ఎన్ని మార్పులు చేసినా రైతు జేబులో చీటీ మారదు. రియాక్ట్‌లో ఒక రెండర్‌కు, అంటే కాంపొనెంట్‌ను ఒకసారి నడిపి తెర తయారుచేయడానికి, అందే స్టేట్ సరిగ్గా అలాంటి చీటీ. స్టేట్‌ను మార్చే సెట్ ఫంక్షన్‌ను పిలిస్తే పుస్తకంలో మార్పు రాయమని చెప్పినట్టు, మీ చేతిలో చీటీ మాత్రం పాతదే. కొత్త చీటీ తర్వాతి రెండర్‌కు వస్తుంది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో చూడండి. మా పేజీలో 'పది బస్తాలు కలుపు' అని ఒక బటన్ ఉంది. నొక్కగానే లారీ కెపాసిటీ దాటుతుందా అని సర్వర్‌ను అడిగి, అవెయిట్ చేసి, జవాబు వచ్చాక బస్తాలకు పది కలిపేది. 40 బస్తాలు ఉన్నప్పుడు ఆపరేటర్ గబగబా మూడుసార్లు నొక్కాడు. 70 కావాలి, 50 అయింది. మూడు నొక్కుళ్లూ 40 అని రాసి ఉన్న చీటీలే పట్టుకుని సర్వర్ దగ్గర నిలబడ్డాయి, తిరిగొచ్చి ముగ్గురూ 50 అనే రాశారు.

మార్చడం తేలిక. సెట్‌కు అంకె ఇవ్వకండి, ఫంక్షన్ ఇవ్వండి: 'పాతది ఎంతుంటే దానికి పది కలుపు' అని. అప్పుడు రియాక్ట్ పుస్తకంలో ఆ క్షణాన ఉన్న అంకెకు కలుపుతుంది. అవెయిట్ తర్వాత స్టేట్‌ను ముట్టుకునే ప్రతి లైనూ వెతికి ఇలా మార్చండి. నా కోడ్‌లో అలాంటివి ఆరు దొరికాయి.

2022 మార్చిలో వచ్చిన రియాక్ట్ 18 నుంచి ఇంకొకటి మారింది. అంతకుముందు క్లిక్ లాంటి ఈవెంట్లలో మాత్రమే చాలా సెట్‌లను కలిపి ఒక్క రెండర్ చేసేది. ఇప్పుడు ప్రామిస్ (తర్వాత వచ్చే జవాబు) తీరాక, టైమర్ లోపల కూడా కలిపే చేస్తుంది. కొత్త క్రియేట్‌రూట్‌తో పేజీని మొదలుపెడితేనే ఇది వర్తిస్తుంది, పాత ప్రాజెక్టులు సవరించేవాళ్లు గమనించాలి. వ్యూలో కథ కొంచెం వేరు: రెఫ్ విలువ వెంటనే మారుతుంది, తెర మాత్రం తర్వాత మారుతుంది. మారిన తెరను కొలవాలంటే నెక్స్ట్‌టిక్ కోసం ఆగాలి.

ప్రతి జవాబునూ 'నువ్వు ఏ ప్రశ్నకు?' అని అడగండి

ఇప్పుడు అసలు జబ్బు. మొదట చాలామంది చెప్పే వైద్యం డీబౌన్స్: చివరి కీ తర్వాత 300 మిల్లీసెకన్లు ఆగి అడగడం. పెట్టండి, సర్వర్‌కు బరువు తగ్గుతుంది. కానీ జబ్బు పోదు. ఆపరేటర్ 'దేవరక' దగ్గర అర సెకను ఆగి మళ్లీ కొడితే రెండు ప్రశ్నలు దారిలో ఉన్నట్టే. పైగా చిన్న ముక్కకు ఎక్కువ ఊళ్లు దొరుకుతాయి, జవాబు పెద్దది, కాబట్టి ముందు అడిగిందే వెనక వచ్చే అవకాశం ఎక్కువ.

యూజ్‌ఎఫెక్ట్ (రెండర్ అయ్యాక రియాక్ట్ నడిపే కోడ్) లోపల అడుగుతున్నట్లయితే మొదటి లైన్‌లో ఒక మామూలు వేరియబుల్ పెట్టండి. నేను దానికి తెలుగులోనే 'పాతబడింది' అని పేరు పెట్టాను, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. విలువ ఫాల్స్. జవాబు రాగానే, సెట్ చేసే ముందు, పాతబడిందా అని చూడండి, పాతబడితే ఏమీ చేయకుండా వెనక్కి వెళ్లండి. ఎఫెక్ట్ చివర క్లీనప్ ఫంక్షన్ తిరిగి ఇస్తూ అందులో 'పాతబడింది' విలువను ట్రూ చేయండి. అక్షరం మారగానే రియాక్ట్ పాత ఎఫెక్ట్ క్లీనప్‌ను ముందు నడిపి, ఆ తర్వాతే కొత్తది మొదలుపెడుతుంది. దాంతో పాత ప్రశ్నకు జవాబు వచ్చినా నోరు మూసుకుని పోతుంది. వ్యూలో వాచ్ కాల్‌బ్యాక్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా వచ్చే ఆన్‌క్లీనప్‌లో, స్వెల్ట్ 5లో ఎఫెక్ట్ రూన్ తిరిగి ఇచ్చే ఫంక్షన్‌లో ఇదే పని చేయొచ్చు.

దీనికి తోడు, పంపిన ప్రశ్నను మధ్యలో ఆపే అబార్ట్‌కంట్రోలర్ ఒకటి తయారుచేసి దాని సిగ్నల్‌ను ఫెచ్‌కు ఇవ్వండి, క్లీనప్‌లో అబార్ట్ చేయండి. నెట్ ఆదా అవుతుంది. అబార్ట్ చేసినప్పుడు ప్రామిస్ అబార్ట్‌ఎర్రర్‌తో విరుగుతుంది, దాన్ని 'నెట్ పోయింది' అని ఎర్ర అక్షరాల్లో చూపకండి. ఇది మీరే ఆపింది.

ఇంతటితో చాలా పేజీలకు సరిపోతుంది. నాకు సరిపోలేదు, ఎందుకంటే ఎంటర్ కీ ఉంది. ఆపరేటర్ చెయ్యి వేగం. 'దేవరకొండ' కొట్టేసి జవాబు రాకముందే ఎంటర్ నొక్కుతాడు. అప్పటికి తెర మీద ఉన్నది ఇంకా 'దేవరక' లిస్టే. అది ఆలస్యంగా వచ్చిన జవాబు కాదు, సరైన సమయానికే వచ్చి ఇంకా అక్కడే ఉన్న జవాబు. పాతబడింది అన్న వేరియబుల్ దీన్ని పట్టుకోలేదు.

అందుకే లిస్టును ఒంటరిగా దాచకండి. స్టేట్‌లో ప్రశ్ననూ ఊళ్లనూ కలిపి ఒకే వస్తువుగా పెట్టండి: ఏ అక్షరాలకు వచ్చిన లిస్టు, లిస్టు ఏమిటి. ఎంటర్ పడ్డప్పుడు ఆ ప్రశ్ననూ పెట్టెలో ఉన్న అక్షరాలనూ పోల్చండి. ఒకటే అయితే మొదటి ఊరిని ఎంచుకోండి. కాకపోతే 'ఎంటర్ నొక్కారు' అని గుర్తుపెట్టుకుని సరైన లిస్టు వచ్చేదాకా ఆగండి. ఆ లిస్టులో ఒక్క ఊరే ఉంటే అప్పుడు ఎంచుకోండి, రెండుంటే మనిషినే అడగండి. ఊరి పక్కన మండలం, జిల్లా చిన్న అక్షరాల్లో చూపండి. ఈ ఒక్క మార్పు మిల్లువాళ్లకు మిగతా అన్నిటికన్నా నచ్చింది, దానికీ జావాస్క్రిప్ట్‌కూ ఏ సంబంధమూ లేదు.

టాన్‌స్టాక్ క్వెరీ వాడితే ఈ జోడీ దానంతటదే వస్తుంది: క్వెరీ కీలో అక్షరాలు పెడతారు, జవాబు ఆ కీ కిందకే పోతుంది. అయితే లిస్టు మినుకుమినుకుమనకుండా కీప్‌ప్రీవియస్‌డేటా పెట్టారనుకోండి, కొత్తది వచ్చేదాకా పాత లిస్టే చూపిస్తుంది. అంటే ఎంటర్ గుంటను మీ చేత్తో మళ్లీ తవ్వుకున్నట్టే. ఈజ్‌ప్లేస్‌హోల్డర్‌డేటా అనే జెండా చూడండి, అది ట్రూగా ఉన్నంతసేపు ఎంటర్‌ను ఆపండి.

తెలుగు కీబోర్డుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగుగా మార్చే కీబోర్డుల్లో, పదం పూర్తయ్యేలోపు పెట్టెలో సగం వండిన అక్షరాలు ఉంటాయి. ఇన్‌పుట్ ఈవెంట్లు మాత్రం వస్తూనే ఉంటాయి. మార్చిన పదాన్ని ఖాయం చేయడానికి కొట్టే ఎంటర్ కూడా మీ పేజీకి 'ఊరు ఎంచుకో' అన్న ఎంటర్‌లాగే కనపడొచ్చు. కీడౌన్ ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ ట్రూ అయితే ఆ ఎంటర్‌ను వదిలేయండి. రియాక్ట్‌లో దీన్ని నేటివ్‌ఈవెంట్ లోపల వెతకాలి. ఇంగ్లిష్‌లోనే టెస్ట్ చేసే డెవలపర్‌కు ఇది ఎప్పటికీ కనపడదు.

టైపింగ్ ఆగకుండా లిస్టు గీయించండి

లారీల పేజీలో సీజన్ మొత్తం లిస్టు, దాని మీద ఫిల్టర్ పెట్టె ఉన్నాయి. వరసలు మూడు వేలు దాటాక అక్షరం కొడితే తెర మీద పడటానికి క్షణం పట్టేది. జావాస్క్రిప్ట్‌కు చెయ్యి ఒకటే, లిస్టు గీస్తున్నంతసేపు మీ కీని అందుకోలేదు. సెకనుకు 60 సార్లు మారే తెరకు ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఒక నొక్కుడుకు పేజీ స్పందన 200 మిల్లీసెకన్లలోపు ఉంటే మంచిదని గూగుల్ కొలమానం ఐఎన్‌పీ (ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్) చెబుతుంది, 2024 మార్చి నుంచి ముఖ్యమైన కొలతల్లో అది ఒకటి.

రియాక్ట్ 18లో యూజ్‌డిఫర్డ్‌వాల్యూ ఉంది. పెట్టెకు అసలు అక్షరాలు ఇవ్వండి, లిస్టుకు డిఫర్డ్, అంటే వాయిదా వేసిన అక్షరాలు ఇవ్వండి. ముందు పెట్టె ఒక్కటే మారుతుంది, తర్వాత వెనకాల లిస్టు తయారవుతుంది. మధ్యలో మీరు ఇంకో కీ కొడితే రియాక్ట్ సగం గీసిన లిస్టును పక్కన పడేసి కొత్తదానికి మొదలుపెడుతుంది. సుమారు 5 మిల్లీసెకన్లకోసారి పని ఆపి, బ్రౌజర్‌కు అర్జెంటు పని ఏమైనా ఉందా అని చూసుకుంటుంది.

పనిచేయాలంటే మూడు షరతులు. లిస్టు కాంపొనెంట్‌ను మెమోలో చుట్టండి, లేకపోతే పెట్టె మారినప్పుడల్లా లిస్టూ గీయబడుతుంది, డిఫర్ చేసి లాభం లేదు. ప్రతి వరసనూ విడి కాంపొనెంట్ చేయండి, ఎందుకంటే రియాక్ట్ రెండు కాంపొనెంట్ల మధ్య ఆగగలదు కానీ ఒక కాంపొనెంట్ లోపలి లూప్ మధ్యలో ఆగలేదు. మూడోది, ఈ మార్పు అర్జెంటు కాదని రియాక్ట్‌కు చెప్పే స్టార్ట్‌ట్రాన్సిషన్ వాడేవాళ్లు పెట్టె విలువను దాని లోపల పెట్టకండి, టైపింగే వెనకబడుతుంది.

డిఫర్డ్ లిస్టు కూడా పెట్టె కన్నా ఒక అడుగు వెనకున్న లిస్టే. రెండు విలువలూ వేరుగా ఉన్నంతసేపు దాన్ని కాస్త మసకగా చూపండి, క్లిక్కులు, ఎంటర్ తీసుకోకండి. అదే దేవరకద్ర గుంట, వేరే దారిలో.

రెండర్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుందంటే, మీ కాంపొనెంట్ ఫంక్షన్ ఎన్నిసార్లు నడుస్తుందో మీ చేతిలో లేదు. అందులో సర్వర్‌కు పంపడం, బయటి వేరియబుల్ మార్చడం లాంటివి చేయకండి. స్ట్రిక్ట్‌మోడ్ పెడితే డెవలప్‌మెంట్‌లో కావాలనే రెండుసార్లు పిలిచి ఇలాంటివి బయటపెడుతుంది. 'ఏందిది, రెండుసార్లు నడుస్తుంది' అని దాన్ని తీసేసేవాళ్లను చూశాను, నేనూ ఒకప్పుడు తీసేశాను. రియాక్ట్ బయట సొంత స్టోర్ ఉంటే యూజ్‌సింక్‌ఎక్స్‌టర్నల్‌స్టోర్ ద్వారానే చదవండి. లేకపోతే ఒకే తెర మీద పైన పాత మొత్తం, కింద కొత్త వరసలు పడొచ్చు.

నిజం చెప్పాలంటే, మూడు వేల వరసలకు ఇదంతా రెండో మందు. మొదటి మందు తెర మీద పట్టే ముప్పై వరసలనే గీయడం. డిఫర్ చేస్తే పని తగ్గదు, వాయిదా పడుతుందంతే.

సేవ్ బటన్ దగ్గర తొందర వద్దు

2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19లో యూజ్‌ఆప్టిమిస్టిక్ ఉంది: సర్వర్ ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు చూపి, కాదంటే వెనక్కి తీసుకోవడం. లైక్ బొమ్మకు బాగుంటుంది. బస్తాల లెక్కకు నేను వాడను. తెర మీద 'సేవ్ అయింది' కనపడగానే డ్రైవర్ చీటీ తీసుకుని బండి కదిలిస్తాడు, అది వెనక్కి తీసుకునేలోపు బండి వేములపల్లి దాటుతుంది. 'పంపుతున్నాం' అని చూపండి, సర్వర్ సరే అన్నాకే 'అయింది' అనండి.

ఇంకో ప్రమాదం రెండుసార్లు పడటం. సర్వర్ రాసేసుకుంది, జవాబు దారిలో పోయింది, పేజీ 'పోయింది' అంది, మనిషి మళ్లీ నొక్కాడు. అబార్ట్ చేసినా ఇంతే, మీరు వినడం మానేశారు కానీ సర్వర్ పని మానిందన్న హామీ లేదు. ఫారం తెరిచినప్పుడే క్రిప్టో రాండమ్‌యూయూఐడీతో ఒక నంబరు పుట్టించి, సేవ్ ఖాయమయ్యేదాకా లోకల్‌స్టోరేజ్‌లో ఉంచండి. ప్రతి ప్రయత్నంలోనూ అదే నంబరు పంపండి. డేటాబేస్‌లో ఆ నంబరు మీద యూనీక్ నిబంధన (అదే నంబరు రెండోసారి పడనివ్వనిది) పెట్టమని వెనక కోడ్ రాసేవాళ్లకు చెప్పండి. బటన్‌ను డిసేబుల్ చేయడం కూడా మంచిదే, కానీ పేజీ రీఫ్రెష్ చేసి మళ్లీ నొక్కేవాణ్ని అది ఆపలేదు.

ఆలస్యాన్ని మీరే తయారుచేయండి

నెట్ ఎప్పుడు తిక్క చేస్తుందా అని ఎదురుచూడకండి. టెస్టులో సర్వర్ స్థానంలో ఒక దొంగ ఫంక్షన్ పెట్టండి. 'దేవరక' అని అడిగితే రెండు సెకన్లకు రెండు ఊళ్లూ, 'దేవరకొండ' అని అడిగితే 200 మిల్లీసెకన్లకు ఒక్క ఊరూ ఇవ్వాలి. టెస్టు చేత 'దేవరక' కొట్టించి, అర సెకను ఆపి, మిగతాది కొట్టించండి. మూడు సెకన్ల తర్వాత లిస్టులో దేవరకొండ ఒక్కటే ఉండాలి. రెండో టెస్టులో అంకెలు తిప్పండి: 'దేవరక' జవాబు వెంటనే, 'దేవరకొండ' జవాబు రెండు సెకన్లకు, ఎంటర్ మాత్రం చివరి అక్షరం పడగానే. ఎంపికైంది దేవరకొండ కావాలి.

రెండు టెస్టులనూ ముందు మీ పాత కోడ్ మీద నడపండి. అక్కడ ఫెయిల్ అవ్వాలి. నా రెండో టెస్టు పాత కోడ్ మీద కూడా పాసైంది. చూస్తే ఎంటర్‌ను నేను రెండు సెకన్ల తర్వాత నొక్కిస్తున్నాను, గేటు దగ్గర పిల్లగాడు ఎప్పుడూ ఆగనంతసేపు. ఆ టైమర్ తీసేశాక ఎర్రగా వెలిగింది, అప్పుడు కొత్త కోడ్ పెట్టాను.